తెరచాప పడవ డెక్ మీద ఇంకో స్టే వేయాలి: నాలుగు బోల్టులు, కింద ఒక ప్లేటు చాలా?

పెన్నాఒడ్డు (ప్రొద్దుటూరు), ఏప్రిల్ 19

అందరికీ నమస్తే. ఈ గ్రూపులో బోరు మోటరు నుంచి వెల్డింగ్ దాకా అన్ని పనులూ తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి నా పని కూడా అడుగుతున్నా.

నా దగ్గర 24 అడుగుల తెరచాప పడవ ఉంది. ఫైబర్ బాడీ, నలభై ఏళ్ల నాటిది, బరువు 1,600 కిలోలు. చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. అక్కడ అద్దె కడుతూ రిపేరు చేయడం కష్టమై, లారీ మీద తెచ్చి మా చిన్నాయన వాళ్ల మూతపడిన చెనిక్కాయల మిల్లు షెడ్డులో దించా. మాస్ట్ (తెరచాప కొయ్య) చెన్నైలోనే ఉంది. దసరా లోపల పడవ తిరిగి నీళ్లలో ఉండాలి.

పడవ ముందువైపు తెరచాప రోలర్‌కు చుట్టుకునే రకం. గాలి పెరిగినప్పుడు సగం చుట్టి నడిపితే మిగిలిన చాప సంచిలా ఉబ్బుతుంది. పడవ పక్కకు ఒరుగుతుంది గానీ ముందుకు సాగదు. పోయిన అక్టోబరులో చెన్నై బయట రెండు గంటలు ఇట్లే అవస్థ పడ్డా, అప్పుడు నాతో మా అబ్బాయి కూడా ఉన్నాడు. అందుకే ముక్కు దగ్గరున్న ఫోర్‌స్టేకి (మాస్ట్‌ను ముందువైపు పట్టి ఉంచే తీగకు) 70 సెం.మీ. వెనక ఇంకో స్టే వేసి, గాలి ఎక్కువైతే దాని మీద చిన్న మందపాటి చాప ఎత్తుదామనుకుంటున్నా. అవసరం లేనప్పుడు విప్పి మాస్ట్ పక్కన కట్టేసుకోవచ్చు.

డెక్ (పడవ పైతలం) శాండ్‌విచ్ రకం. పైన 4 మి.మీ. ఫైబర్, మధ్యలో 12 మి.మీ. బాల్సా చెక్క, కింద ఇంకో 3 మి.మీ. ఫైబర్. డెక్‌కు నాలుగు ఎం8 (8 మి.మీ.) బోల్టులు వేసి, కింద 6 మి.మీ. స్టెయిన్‌లెస్ ప్లేటు 15×15 సెం.మీ. పెడదామని నా ప్లాను. తీగ 4 మి.మీ. ఇది సరిపోతుందా?

ఫైబర్‌పని_కడప, ఏప్రిల్ 19

అన్నా, నేను వాటర్ ట్యాంకులు, బస్సు టాపులు చేస్తా. పడవ పని చేయలేదు. కానీ బాల్సా చెక్కలో నేరుగా రంధ్రం వేసి బోల్టు బిగిస్తే రెండు ఇబ్బందులు వస్తాయి. బిగించేకొద్దీ మెత్తటి చెక్క నలిగి డెక్ గుంట పడుతుంది. ఆ గుంటలో నిలిచిన నీళ్లు రంధ్రంలోంచి చెక్కలోకి దిగుతాయి. అందుకని 8 మి.మీ. బోల్టుకు ముందు 20 మి.మీ. రంధ్రం వేసి, లోపలి చెక్క గీకేసి, రెజిన్‌లో (గట్టిపడే జిగురు మందులో) పౌడర్ కలిపి నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో 8 వేయాలి. కింద నాలుగు వరసలు మ్యాట్ (గాజు నారల పొర) పరిచి పాలిస్టర్ రెజిన్ పూస్తే ఇనుములా ఉంటుంది.

బండలమేస్త్రి (బేతంచెర్ల), ఏప్రిల్ 20

పడవల సంగతి నాకు తెలీదు అబ్బీ. కానీ పైన పలక, కింద పలక, మధ్యలో చెక్క అన్నావు కదా. బండ పరిచినాక మేము ఒక్కో బండనూ సుత్తి కాడతో తడతాం. కింద సున్నం పట్టిన చోట కణకణమంటుంది, పట్టని చోట డొల్ల శబ్దం వస్తుంది. నీ డెక్ అంతా అట్లే తట్టి చూడు. మార్పు వచ్చిన చోట చాక్‌పీసుతో గీత గీసుకో. ఆ తర్వాతే రంధ్రం మాట.

పెన్నాఒడ్డు, ఏప్రిల్ 22

మేస్త్రీ, మీ మాట విని స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో ముక్కు నుంచి మొదలుపెట్టి జానెడు జానెడు తట్టా. అంచుల్లో టక్ టక్ అని గట్టిగా పలికింది. పాత క్లీట్ (తాడు కట్టే కొక్కెం) చుట్టూ మాత్రం తడి గోనె మీద కొట్టినట్టు మొద్దుబారిన చప్పుడు. చాక్‌పీసు గీత కలిపితే దాదాపు 45×60 సెం.మీ. వచ్చింది, నేను స్టే వేయాలనుకున్న చోటు సరిగ్గా దాని మధ్యలో పడింది.

కింది వైపు నుంచి 6 మి.మీ. డ్రిల్లు పెట్టి చూశా. పొడి చెక్కయితే తెల్లటి పొట్టు రాలాలి. నాకు కాఫీ పొడి రంగు ముద్ద బిట్‌కు చుట్టుకుని వచ్చింది. వేళ్లతో పిండితే నీళ్లు కారాయి. వాసన కూడా మురిగిన ఆకుల వాసన. అమ్మినాయన డెక్ పూర్తిగా పొడిగా ఉందని చెప్పి అమ్మాడు. నేనూ తట్టి చూడకుండానే కొన్నా.

ఇంజన్‌రూమ్ (కర్నూలు), ఏప్రిల్ 22

తమ్ముడూ, చెక్క మార్చడం ఎట్లాగూ తప్పదు. కానీ అంతకంటే పెద్ద విషయం ఒకటుంది. నేను మర్చంట్ నేవీలో ఇరవై ఏళ్లకు పైగా చేశా, కాస్త లెక్క చెప్తా.

4 మి.మీ. స్టెయిన్‌లెస్ తీగ 1×19 రకం (పందొమ్మిది పోగులు పేనింది) అయితే 1,200 కిలోలకు పైన లాగితేగానీ తెగదు. స్టే పనిలో ఉండే నియమం ఏమిటంటే, అన్నిటికంటే ముందు తెగేది తీగే కావాలి, అది పట్టుకున్న చోటు ఊడకూడదు. నీ బోల్టులకు బలం చాలు. ఎం8 ఏ4-70 గ్రేడ్ స్టెయిన్‌లెస్ బోల్టు ఒక్కటి తెగాలంటే 2,500 కిలోలు కావాలి. నాలుగంటే 10 టన్నులు. ఇక్కడ బోల్టు లెక్క చూసి చాలామంది ధైర్యపడతారు.

అసలు బలహీనం డెక్. డెక్ మీద మనుషులు నడుస్తారు, అలలు పడతాయి, అందుకని అది కిందికి తొక్కే బరువుకు కట్టింది. స్టే దాన్ని పైకి లాగుతుంది. నీ షెడ్డు రేకులు చూడు. గాలికి రేకు ఎగిరిపోకుండా జె-బోల్టు వేస్తారు కదా, ఆ కొక్కెం రేకును పట్టుకోదు, కింద పర్లిన్‌ను (రేకుల కింది అడ్డ దూలాన్ని) పట్టుకుంటుంది. రేకు మధ్యలో వాషర్ ఎంత పెద్దది పెట్టినా ఈదురుగాలికి రేకుతో సహా లేస్తుంది. నీ 15×15 ప్లేటు ఆ వాషర్ లాంటిదే.

స్టే కింద బల్క్‌హెడ్ (పడవ లోపలి అడ్డగోడ) ఉందా? ఉంటే డెక్‌లో చీలిక కోసి పట్టీని కిందికి దింపి బల్క్‌హెడ్‌కే బోల్టు చేయడం అన్నిటికంటే మంచిది. లేకపోతే డెక్ కింద ఒక టై రాడ్ వేసి ముక్కు లోపలి వైపు, అంటే హల్‌కే (పడవ బాడీకే) కట్టాలి. అప్పుడు డెక్ పని నీళ్లు ఆపడం వరకే.

పెన్నాఒడ్డు, ఏప్రిల్ 23

సార్, బల్క్‌హెడ్ ఆ చోటికి 50 సెం.మీ. వెనక ఉంది. స్టే వచ్చే చోట కింద ఉన్నది యాంకర్ గొలుసు వేసుకునే గది, అంటే ఖాళీ. కాబట్టి రాడ్డే దారి. డెక్ నుంచి ముక్కు లోపలి మూలకు లోతు 60 సెం.మీ. ఉంది. నిట్టనిలువుగా కిందికి దింపితే సరిపోతుంది కదా?

స్టేవైర్ (అనంతపురం), ఏప్రిల్ 23

నిట్టనిలువుగా దింపొద్దు అన్నా. నేను లైన్‌మన్‌గా పనిచేస్తున్నా, ఈ ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పగలను.

లైను మలుపు తిరిగే చోట స్తంభానికి స్టే వైర్ కడతాం. కింద గుంతలో స్టే ప్లేటు, దానికి స్టే రాడ్డు, రాడ్డు మెడకు తీగ. కొత్తగా వచ్చిన పిల్లలు రాడ్డును గుంతలో నిలువుగా పెట్టి కాంక్రీటు పోస్తారు, చూడ్డానికి నీటుగా ఉంటుంది కాబట్టి. తీగ బిగించగానే నేలమట్టం దగ్గర రాడ్డు మెడ వంగుతుంది, వంగిన వైపు మట్టి పగులుతుంది, నాలుగు రోజులకే తీగ వదులవుతుంది. రాడ్డు తీగ వరసలోనే భూమిలోకి దిగాలి. స్తంభం పైనుంచి దారం పట్టుకుంటే తీగ, రాడ్డు, ప్లేటు మధ్యభాగం అన్నీ ఆ దారం మీదే ఉండాలి.

నీ పడవకూ అంతే అనుకుంటా. దారం పట్టి చూడు.

ఇంజన్‌రూమ్, ఏప్రిల్ 24

లైన్‌మన్ అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మాస్ట్ ముక్కుకు ఎంత దూరం, స్టే పైన ఎంత ఎత్తులో తగులుతుందో చెప్తే వంపు లెక్కేద్దాం.

పెన్నాఒడ్డు, ఏప్రిల్ 24

మాస్ట్ ముక్కు నుంచి 2.4 మీటర్లు. కొత్త స్టే కింది కొస ముక్కుకు 70 సెం.మీ. వెనక కాబట్టి మాస్ట్‌కు 1.7 మీటర్ల దూరం. మాస్ట్ ఎత్తు డెక్ నుంచి 9 మీటర్లు. స్టే పైకొసను 6 మీటర్ల దగ్గర బిగిద్దామనుకుంటున్నా.

ఇంజన్‌రూమ్, ఏప్రిల్ 24

1.7ని 6తో భాగిస్తే 0.28. అంటే రాడ్డు 60 సెం.మీ. కిందికి దిగేసరికి 17 సెం.మీ. ముందుకు జరగాలి. నిలువుగా దింపితే, స్టేలో 500 కిలోల లాగుడు ఉన్నప్పుడు 135 నుంచి 140 కిలోలు డెక్‌ను వెనక్కి ఈడుస్తుంటాయి. అలకొకసారి వదిలి మళ్లీ ఈడుస్తుంది కాబట్టి సీలంట్ నిలవదు. తర్వాత మళ్లీ తడి చెక్కే.

గాలివాటు (సొంతూరు హిందూపురం, ఉండేది విశాఖ), ఏప్రిల్ 25

కింది పని గురించి అందరూ మంచి మాటలు చెప్పారు. ఎవరూ పైకి చూడలేదు.

9 మీటర్ల మాస్ట్‌లో 6 మీటర్ల దగ్గర స్టే వేసి చాప ఎత్తితే, ఆ చోట మాస్ట్‌ను ముందుకు లాగేది ఉంటుంది, వెనక్కి పట్టేది ఉండదు. మీ లోయర్ ష్రౌడ్లు (మాస్ట్‌ను పక్కల నుంచి పట్టే తీగలు) స్ప్రెడర్ల (మాస్ట్‌కు అడ్డంగా ఉండే కడ్డీల) దగ్గర, అంటే ఇంకా కింద ఆగిపోతాయి. మాస్ట్ మధ్యలో విల్లులా ముందుకు వంగుతుంది, అలల్లో కొట్టుకుంటూ ఊగుతుంది. గట్టి గాలిలో ఇట్లాంటప్పుడు మాస్ట్ విరగొచ్చు. దాన్ని ఆపాలంటే వెనక రెండు వైపులా రన్నింగ్ బ్యాక్‌స్టేలు (రన్నర్లు, అంటే విప్పి బిగించుకునే వెనక తీగలు) వేయాలి. టాక్ కొట్టిన (ఎదురుగాలిలో పడవను ఇంకో వైపుకు తిప్పిన) ప్రతిసారీ ఒకటి విప్పి ఇంకోటి బిగించాలి. పైగా వాటి కోసం డెక్ మీద ఇంకో రెండు ఫిట్టింగులు, వాటి కిందా ఇదే పని.

మీరు ఒక్కరే లేదా అబ్బాయితో వెళ్తారు కాబట్టి నా సలహా, పైకొసను మాస్ట్ చివరకు దగ్గరగా, 8.7 మీటర్ల దగ్గర పెట్టండి. అక్కడికి మాస్ట్‌ను వెనక్కి పట్టే మీ బ్యాక్‌స్టే ఎట్లాగూ ఉంది, అదే పట్టుకుంటుంది. రన్నర్లు అక్కర్లేదు. చాప చిన్నదే కాబట్టి స్టే ఎంత పొడుగున్నా అది కిందనే ఉంటుంది. ఒక ఇబ్బంది చెప్పాలి. రెండు స్టేల మధ్య సందు ఇరుకవుతుంది, పెద్ద చాపతో టాక్ చేయాలంటే ముందు కొత్త స్టే విప్పేయాలి. మీరు విప్పుకునేలానే పెడుతున్నారు కాబట్టి పరవాలేదు.

పెన్నాఒడ్డు, ఏప్రిల్ 25

అక్కా, రన్నర్ల సంగతి నాకు తట్టనే లేదు. మా వాడితో కలిసి వెళ్లేది, అది ఆలోచిస్తే మీ దారే నాకు నచ్చింది. కానీ వంపు మారుతుంది కదా. 1.7ని 8.7తో భాగిస్తే 0.195. 60 సెం.మీ.కు 12 సెం.మీ. మాత్రమే ముందుకు. నిన్ననే 17 దగ్గర గీత గీసి, రాడ్డు అడుగున కట్టే ముక్కకు అట్టతో కొలత కూడా తీశా. మళ్లీ గీస్తా.

లేత్_తాడిపత్రి, ఏప్రిల్ 27

రాడ్డు ఎవరితో చేయించినా మెటీరియల్ 316 రకం స్టెయిన్‌లెస్ అయి ఉండాలి. గ్రిల్లు, గేటు పనులకు మార్కెట్లో దొరికేది చాలావరకు 304 లేదా అంతకంటే తక్కువ రకం. ఉప్పు నీళ్లలో 304 తొందరగా గోధుమ రంగు మచ్చలు తేలుతుంది. అయస్కాంతం పెట్టి చూస్తామంటే కుదరదు, 304 అయినా 316 అయినా పెద్దగా అంటుకోదు. 316లో ఉండే మాలిబ్డినం తేల్చే చుక్కల మందు ఉంటుంది, లేదా మిల్లు సర్టిఫికెట్ అడగాలి. వెల్డింగ్ ఉంటే 316ఎల్ తీసుకోండి.

12 మి.మీ. రాడ్డు, రెండు కొసలా మర, ఒక వైపు కుడి మర, ఇంకో వైపు ఎడమ మర. తిప్పితే బిగుస్తుంది, లాక్ నట్‌తో ఆపేయాలి. కొసల్లో ఫోర్కు, పిన్ను, స్ప్లిట్ పిన్ను.

ఎంత బిగించాలంటే, చేత్తో తిరిగినంత తిప్పి, పైన పానాతో అర చుట్టు. అంతకుమించితే రాడ్డే డెక్‌ను కిందికి గుంజుతుంది.

ఫైబర్‌పని_కడప, ఏప్రిల్ 28

రాడ్డు కింది కొసను పట్టుకునే చెక్క ముక్కను ముక్కు లోపల అతికించడానికి మ్యాట్, పాలిస్టర్ వాడితే చవక, నేనే వచ్చి చేసి పెడతా. ఎపాక్సీ రెజిన్‌కు మూడు నాలుగు రెట్లు ఖర్చు. ట్యాంకులు ఇరవై ఏళ్లుగా పాలిస్టర్‌తోనే నిలబడుతున్నాయి కదా.

ఇంజన్‌రూమ్, ఏప్రిల్ 28

ట్యాంకు మొత్తం ఒకేసారి పచ్చిగా పోస్తారు, వరస మీద వరస కలిసిపోతుంది. ఇక్కడ నలభై ఏళ్ల కిందట గట్టిపడిన ఫైబర్‌కు కొత్తది అంటించాలి. అప్పుడు రసాయనంగా కలవదు, జిగురులా పట్టుకోవాలి. జిగురుగా పాలిస్టర్ బలహీనం. ఒకసారి పరీక్ష చేసి చూడండి.

ఫైబర్‌పని_కడప, మే 3

చేసి చూశా. పెన్నాఒడ్డు అన్న కోసిచ్చిన పాత డెక్ ముక్క తీసుకుని, 40 నంబరు కాగితంతో గరుకు చేసి, ఒక పక్క మ్యాట్-పాలిస్టర్, ఇంకో పక్క నేసిన గ్లాసు గుడ్డ-ఎపాక్సీ వేశా. మూడు రోజులు ఆరనిచ్చి ఉలి పెట్టి కొట్టా. పాలిస్టర్ ముక్క అప్పడంలా ఒక్కసారిగా లేచొచ్చింది, దాని అడుగు నున్నగా మెరుస్తోంది. ఎపాక్సీ ముక్కకు పదిహేను దెబ్బలు పట్టింది, ఊడేటప్పుడు పాత ఫైబర్ పొరను చీల్చుకుని వచ్చింది. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఇంకోటి కూడా తెలిసింది. నా దగ్గరున్న మ్యాట్‌నే ఎపాక్సీతో తడిపితే మెత్తబడలేదు, మూలలోకి వంగకుండా గడ్డిమోపులా నిలబడింది. ఆ మ్యాట్‌ను పట్టి ఉంచే బంక పాలిస్టర్‌లోని స్టైరీన్‌కే కరుగుతుంది, ఎపాక్సీలో అది ఉండదు. కాబట్టి ఎపాక్సీ వాడితే నేసిన గుడ్డో కుట్టిన గుడ్డో తీసుకోవాలి.

గాలివాటు, మే 4

ఎంత మంచి పని చేశారు! ఈ రెండు ముక్కల ఫోటోలు ఈ గ్రూపులో పైన పిన్ చేయాలి.

పెన్నాఒడ్డు గారూ, మే నెల ఎండలో ఎపాక్సీ జాగ్రత్త. పది డిగ్రీలు పెరిగితే కలిపిన మందు పనికొచ్చే టైము దాదాపు సగానికి పడిపోతుంది. స్లో హార్డ్‌నర్ (నెమ్మదిగా గట్టిపరిచే మందు) వాడండి, తెల్లవారుజామున మొదలుపెట్టి ఎనిమిది లోపల ఆపేయండి.

పెన్నాఒడ్డు, మే 17

అక్కా, మీరు చెప్పినా మొదటిరోజు తొమ్మిదిన్నర దాకా లాగించా. అర లీటరు ఒకే మగ్గులో కలిపా. పావుగంటలో మగ్గు చెయ్యి పట్టలేనంత కాలింది, పొగ లేచింది, ప్లాస్టిక్ మగ్గు అడుగు కరిగి మందు నేల మీద రాయిలా గడ్డకట్టింది. ఇప్పుడు వంద గ్రాములకు మించి కలపడం లేదు, కలిపిన వెంటనే పళ్లెంలో పల్చగా పోసుకుంటున్నా. మందంగా నింపాల్సిన చోట కూడా ఒక వరస చల్లారాకే ఇంకో వరస.

చెక్క మార్పు అయిపోయింది. పై పలకను గ్రైండర్‌తో కోసి ఒకే ముక్కగా లేపి పక్కన పెట్టా. కుళ్లిన బాల్సా అంతా పారతో మట్టి తీసినట్టు వచ్చేసింది. దాని బదులు 12 మి.మీ. మెరైన్ ప్లైవుడ్‌ను 10 సెం.మీ. చదరాలుగా కోసి, మధ్య సందులన్నీ చిక్కటి ఎపాక్సీతో నింపా. ఇంజన్‌రూమ్ సార్ చెప్పిన పద్ధతి ఇది. రేపు ఎక్కడైనా నీళ్లు దిగినా ఒక చదరంలోనే ఆగిపోతాయి, డెక్ అంతా పాకవు. బోల్టులు వచ్చే చోట చెక్కే లేదు, పూర్తిగా గ్లాసు గుడ్డ వరసలే. పై పలక తిరిగి అంటించి, కోత గీతకు రెండు వైపులా 5 సెం.మీ. వాలుగా చెక్కి గుడ్డలు వేశా.

బండలమేస్త్రి, మే 17

మళ్లీ తట్టి చూసినావా?

పెన్నాఒడ్డు, మే 17

చూశా మేస్త్రీ. ఆ చివర నుంచి ఈ చివర దాకా కణకణమంటోంది.

పెన్నాఒడ్డు, ఆగస్టు 9

ముక్కు లోపల 18 మి.మీ. ప్లైవుడ్ రెండు పలకలు కలిపి మోచేతి ఆకారంలో కోసి, రెండు వైపులా హల్‌కు 10 సెం.మీ. చొప్పున ఆరు వరసల గుడ్డతో అతికించాం. ఫైబర్‌పని అన్న కడప నుంచి రెండు రోజులు వచ్చి దగ్గరుండి చేశాడు. మూలలు కుండ లోపలి వంపులా గుండ్రంగా తీర్చాడు, గుడ్డ ఎక్కడా మడత పడలేదు. దానికి స్టెయిన్‌లెస్ పట్టీలు, పట్టీలకు తాడిపత్రి నుంచి వచ్చిన రాడ్డు. డెక్ మీది రంధ్రాల అంచులు కొంచెం గిన్నెలా చెక్కి, నీళ్లు దిగకుండా బ్యూటైల్ టేప్ చుట్టి బిగించా.

నిన్న పరీక్ష. షెడ్డు గర్డర్‌కు చైన్ బ్లాక్ వేసి, మధ్యలో మిల్లు నాటి వేలాడే కాటా పెట్టి, స్టే వచ్చే వంపులోనే లాగాం. పడవను కింద క్రేడిల్‌కు (అది నిలబడిన చట్రానికి) గొలుసులతో కట్టేశాం. డెక్‌కు అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచుకు నైలాన్ దారం బిగించి, మధ్యలో స్కేలు నిలబెట్టా. 100 కిలోలకు దారం, డెక్ మధ్య దూరం మారలేదు. 300కూ మారలేదు. 500కు అర మిల్లీమీటరు తగ్గింది, అంటే డెక్ అంతే లేచింది. పావుగంట అట్లే ఉంచి వదిలితే మళ్లీ మొదటి గీతకే వచ్చింది. కాటా మీద 500 కనబడ్డప్పుడు మా వాడు గొలుసుల గదిలో టార్చి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. "నాన్నా, ఏ చప్పుడూ లేదు" అని లోపలినుంచి అరిచాడు.

పరీక్షకు ముందు రాడ్డు తీసేసి, డెక్ ఫిట్టింగు ఒక్కదాన్నే 150 కిలోలతో లాగి చూశా. కొత్త చెక్క, కొత్త గుడ్డ ఉన్నా దారం దగ్గర దాదాపు 3 మి.మీ. లేచింది. నా మొదటి ప్లాను అదే.

స్టేవైర్, ఆగస్టు 9

రాడ్డు, స్టే ఒకే దారం మీద ఉన్నాయా అన్నా?

పెన్నాఒడ్డు, ఆగస్టు 9

ఉన్నాయి అన్నా. గర్డర్ నుంచి దారం పట్టి చూశా, రంధ్రం మధ్యలోంచి రాడ్డు పక్కనే దిగింది.

ఒక్కటి మిగిలింది. రాడ్డు యాంకర్ గొలుసు గది మధ్యలోంచి పోతోంది. గొలుసు పడేటప్పుడు రాడ్డుకు రాసుకుంటుంది. పీవీసీ పైపు తొడగనా?

లేత్_తాడిపత్రి, ఆగస్టు 10

పూర్తిగా మూసేలా తొడగొద్దు. స్టెయిన్‌లెస్‌కు గాలి తగలాలి. ఉప్పు నీళ్లు పైపు లోపల నిలిచిపోతే పైకి తళతళలాడుతూనే లోపల సన్నటి గుంటలు తింటుంది. రాడ్డు కంటే బాగా లావు పైపు తీసుకుని, నిలువుగా చీల్చి, కింద రెండు అంగుళాలు వదిలి కట్టు. ఏడాదికోసారి విప్పి మరలు తిరిగిన చోట చూడు.

పెన్నాఒడ్డు, ఆగస్టు 10

సరే అన్నా, 40 మి.మీ. పైపు షెడ్డులోనే ఉంది. లారీ వినాయక చవితి తర్వాతకు మాట్లాడా. చెన్నైలో మాస్ట్ నిలబెట్టాక దారం ఇంకోసారి పట్టి ఇక్కడ రాస్తా.